నెగెటివు లేని బొమ్మలు

ఫొటో తీయించుకోవడమంటే మన తాతల కాలంలో ఒక క్రతువు. రంగుల పరదా ముందు కొయ్యబారి నిలబడితే, నల్లగుడ్డలో తల దూర్చిన ఫొటోగ్రాఫరు గడ్డం పైకెత్తమని, కదలవద్దని ఆజ్ఞాపించేవాడు. ముఖం మనదే గాని ముఖకవళిక ఆయనది. నెగెటివు సరేసరి, అది ఆయన బీరువాలోనే ఉండేది. ఈ మూడో మనిషిని తప్పించిన యంత్రం మీద నాకు చాన్నాళ్ళుగా మక్కువ.

నాణెం వేస్తే బొమ్మ తీసే పెట్టె కోసం పందొమ్మిదో శతాబ్దంలోనే ప్రయత్నాలు జరిగాయి. 1889 పారిస్ ప్రదర్శనలో ఎంజల్బేర్ అనే ఫ్రెంచివాడు అటువంటిదొకటి చూపించాడు. జనం అలవాటు పడ్డది మాత్రం అనతోల్ జోసెఫో పెట్టెకు. సైబీరియాలోని ఓమ్స్క్‌లో పుట్టి, బెర్లిన్‌లో ఫొటో విద్య నేర్చి, షాంఘైలో స్టూడియో నడిపి అమెరికా చేరిన ఈ యూదుడు 1925లో న్యూయార్కు బ్రాడ్వే వీధిలో 'ఫొటోమేటన్' తెరిచాడు. పాతిక సెంట్లకు ఎనిమిది బొమ్మలు, సుమారు ఎనిమిది నిమిషాల్లో చేతికొచ్చేవి. మొదటి ఆరు నెలల్లో 2,80,000 మంది వచ్చారట. 1927లో అమెరికా హక్కులను పది లక్షల డాలర్లకు అమ్మాడు. కొన్న బృందానికి పెద్ద హెన్రీ మోర్గెంథా, అంటే ఆర్మీనియన్ల ఊచకోతను లోకానికి చాటిన మాజీ రాయబారి. చరిత్రలో ఎవరెక్కడ తగులుతారో చెప్పలేం!

ఆ పెట్టెలో నన్ను కట్టిపడేసేది దాని రసాయనం. అందులో ఫిల్ము లేదు. కటకం గుండా వచ్చిన వెలుగు నేరుగా కాగితం మీదే పడుతుంది. ఆ కాగితం తొట్టి నుంచి తొట్టికి మునకలేస్తూ పోతుంది. మొదటి మునకలో దాని మీద తలకిందుల ఛాయ, నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా ఏర్పడుతుంది. తరువాతి ద్రావకం ఆ ఛాయను కరిగించేస్తుంది. మిగిలిన వెండి లవణం నల్లబడి అసలు బొమ్మ అవుతుంది. అంటే నెగెటివు పుట్టిన కాగితంలోనే గిట్టుతుంది. ఒక పట్టీకి మరో ప్రతి లేదు, దాన్ని కడిగిన మనిషీ లేడు.

ఇది ఎంత పెద్ద విషయమో సుఖంగా బతికేవాళ్ళకు తట్టదు. 1953లో కెనడాలోని వాంకూవరులో జె.జె. బెలాంజర్ అనే ఆయన, మరో పురుషుడు ఇలాంటి పెట్టెలో కూర్చుని ముద్దు పెట్టుకున్నారు. ఆ దేశంలో 1969 దాకా పురుషుల మధ్య శృంగారం నేరమే. ఫిల్మును ఏ స్టూడియోకి కడగమని ఇవ్వగలరు? తెర వేసుకున్న ఆ రెండడుగుల చోటే వాళ్ళకు రక్ష. ఆ బొమ్మ ఇవాళ్టికీ ఉంది. కళాకారుల ప్రయోగాలూ లేకపోలేదు. 1929లో పారిస్ అధివాస్తవికులు కళ్ళు మూసుకుని తీసుకున్న బొమ్మలను మాగ్రిత్ చిత్రం చుట్టూ పేర్చి తమ పత్రికలో వేశారు. కానీ నా మటుకు నాకు ఆ వాంకూవరు పట్టీ ముందు అవన్నీ దిగదుడుపే.

మా అక్కయ్య కూతురి పుట్టినరోజుకు 'పాత సినిమా' వేషాలు అనుకున్నప్పుడు ఒక పెట్టె నేనే కట్టాను. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెలు రెండు, అమ్మ పాత పట్టుచీర తెరగా, లోపల ఒక ల్యాప్‌టాప్, కెమెరా, కాలింగ్ బెల్లు మీట, చిన్న ఫొటో ప్రింటరు. మీట నొక్కితే మూడంకెలు లెక్కపెట్టి నాలుగు బొమ్మలు తీస్తుంది. తెర మీద ముఖం కనిపించే ఏర్పాటు కావాలనే పెట్టలేదు, అద్దం ముందు ఎవరూ వెక్కిరించుకోరు. అచ్చు కాగానే బొమ్మల ఫైళ్ళు చెరిగిపోయేలా ప్రోగ్రాము రాశాను. వాలుజడలు, కోరమీసాలు లోపలికి వెళ్ళి ఏం చేశాయో నాకు తెలియదు, నవ్వులు మాత్రం వినబడ్డాయి.

"ఆల్బంలోకి నాకో కాపీ ఇయ్యరా" అంది అక్కయ్య మర్నాడు.

"లేవక్కా, పిల్లలనడుగు" అన్నాను.

ఇంకొక్క పని మిగిలింది. ఈ రకం ప్రింటర్లలో రంగు రిబ్బను మీది నుంచి కాగితానికి దిగుతుంది. దిగినంత మేర రిబ్బను మీద ఖాళీ పడుతుంది, పసుపు, గులాబీ, నీలాల్లో ప్రతి ముఖానికీ మూడేసి నెగెటివులు. దీపానికెదురుగా పెడితే అన్నీ కనిపిస్తాయి. పెట్టలేదు. చుట్ట విప్పకుండానే కత్తెరతో నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాను.