గడియారాల వెనక మనుషులు

ఇండియాకి ఫోన్ చేసే ముందు అక్కడ టైమెంతో వేళ్ళ మీద లెక్కపెట్టుకునే పని మనకిప్పుడు లేదు. న్యూయార్కుకీ హైదరాబాదుకీ ఎండాకాలంలో తేడా తొమ్మిదిన్నర గంటలనీ, చలికాలంలో పదిన్నర అనీ ఫోనుకే తెలుసు. ఇంతకీ దానికెవరు చెప్పారు?

చాలా ఫోన్లకీ, కంప్యూటర్లకీ ఆధారం ఒకటే జాబితా. 1986 నాటికే దాన్ని మొదలుపెట్టినాయన ఆర్థర్ డేవిడ్ ఓల్సన్, మేరీలాండులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ ఉద్యోగి. అంతకుముందు యూనిక్స్‌లో వేసవి గంట నియమాలు ప్రోగ్రాములోనే ఇరుక్కుని ఉండేవి. చట్టం మారితే ప్రోగ్రామునే తిరగరాయాలి. ఓల్సన్ ఆ నియమాలను విడదీసి మామూలు ఫైళ్ళలో పెట్టి, ఎవరైనా వాడుకోండని వదిలేశారు. యు.సి.ఎల్.ఏ.లో కంప్యూటర్ సైన్స్ బోధించిన పాల్ ఎగ్గర్ట్ 2005 నుంచి ఆ బరువు మోస్తున్నారు. ఏ దేశం గడియారం మార్చినా ఎవరో ఒకరు ఆ కబురు అందిస్తారు. ఎవరికీ జీతం లేదు.

అందులో మన దేశం పద్దు చదవడం భలే కాలక్షేపం. పేరు కోల్‌కతాది (మొదట్లో కలకత్తా అనే ఉండేది, ఆ పాత పేరూ ఇంకా పనిచేస్తుంది). కానీ 1906కి ముందు రాసిన లెక్క మద్రాసుది: గ్రీనిచ్ కన్నా 5 గంటల 21 నిమిషాల 10 సెకన్లు ముందు. రైళ్ళు నడిచింది ఆ టైము మీదే మరి! కలకత్తా వాళ్ళేమో తమ సొంత టైముని 1948 దాకా వదల్లేదు. యుద్ధకాలంలో, 1942 నుంచి 1945 దాకా, దేశమంతా గడియారం గంట ముందుకి జరిపిన సంగతీ అందులో ఉంది. మన తాతల జాతకాలు వేసేవాళ్ళకి అక్కరకొచ్చే విషయం.

జాతకాలంటే గుర్తొచ్చింది. 2011 సెప్టెంబరు 30న ఆస్ట్రోలేబ్ అనే జ్యోతిష సాఫ్ట్‌వేర్ కంపెనీ, అమెరికా పాత సమయాల వివరాలు తమకు హక్కున్న అట్లాసులోవి అంటూ ఓల్సన్ మీదా ఎగ్గర్ట్ మీదా దావా వేసింది. ఏ ఊళ్ళో ఎప్పుడు గడియారం మార్చారన్నది ఒకరి సొత్తెలా అవుతుంది? అయినా ఓల్సన్ తన భాండాగారం మూసెయ్యాల్సి వచ్చింది. కొద్ది రోజులకే ఐకాన్ సంస్థ దాన్ని తన నీడలోకి తీసుకుంది. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వీళ్ళ తరఫున నిలబడింది. 2012 ఫిబ్రవరిలో కంపెనీ క్షమాపణ చెప్పి దావా వెనక్కి తీసుకుంది.

కోర్టుల కన్నా ప్రభుత్వాలే వీళ్ళని ఎక్కువ పరుగులు పెట్టిస్తాయి. 2023 మార్చిలో లెబనాన్ ప్రభుత్వం, వేసవి గంట మొదలవ్వాల్సిన మూడు రోజుల ముందు, వాయిదా వేశామంది. ఎగ్గర్ట్ ఆ రోజే జాబితా మార్చారు. అక్కడి మెరొనైట్ చర్చి ఒప్పుకోలేదు, ఒకే ఊళ్ళో రెండు టైములు నడిచాయి. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 28న జాబితా మళ్ళీ పాత లెక్కకే వచ్చింది.