నెగెటివ్‌లలో ఉన్న మనవాళ్లు

1940లో ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అమ్రాబాద్ గుట్టల మీది చెంచు పెంటల్లో తిరిగి ఫొటోలు తీశారు. 1943లో చెంచులపై ఆయన పుస్తకం వచ్చింది. ఆయన ఫొటోల సేకరణ ఇప్పుడు లండన్‌లోని సోయాస్ సంస్థలో భద్రంగా ఉంది. మన తాతల ముఖాలు చూడాలంటే అంత దూరం చూడాల్సి వస్తోంది.

ఆ తర్వాతి చరిత్ర మాత్రం ఇక్కడే ఉంది. పెళ్లిళ్లు, ఆశ్రమ పాఠశాల గ్రూపు ఫొటోలు, సలేశ్వరం జాతర, అన్నీ రేకు పెట్టెల్లో, మూతపడ్డ స్టూడియోల అరల్లో నెగెటివ్‌లుగా పడి ఉన్నాయి. వానాకాలపు తేమకు వాటికి బూజు పడుతుంది. పాత ఫిల్మ్ నుంచి వెనిగర్ లాంటి పుల్లటి వాసన వస్తే అది పాడవడం మొదలైనట్టే. దాన్ని వేరుగా పెట్టి, ముందు దాన్నే ఫొటో తీయాలి.

ఖరీదైన కెమెరా లేదని చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆగిపోతున్నారు. మేమైతే డబ్బు ముందు లెన్స్‌కు, లైటుకు పెట్టమంటాం. 35 ఎంఎం ఫిల్మ్‌లో ఒక ఫ్రేము 36×24 మిల్లీమీటర్లే. పాత 24 మెగాపిక్సెల్ కెమెరాలో అది నిండుగా పడితే అంగుళానికి దాదాపు 4,200 చుక్కలు వస్తాయి. అది చాలు. అంత దగ్గరగా తీయడానికి మాక్రో లెన్స్ కావాలి. చేత్తో ఫోకస్ తిప్పే పాత లెన్స్ అయినా ఫరవాలేదు, ఫోకస్ ఒక్కసారి కుదిరితే మళ్లీ కదిపే పని ఉండదు. కింద ఎల్‌ఈడీ ప్యానెల్ ఉండాలి. కలర్ ఫిల్మ్‌కైతే సీఆర్ఐ 95 దాటినది కొనండి. ఫోన్ తెర మీద నేరుగా పెడితే దాని చుక్కలు ఫొటోలో పడతాయి.

కెమెరా ఫిల్మ్‌కు సమాంతరంగా ఉందా? ఫిల్మ్ పెట్టే చోట చిన్న అద్దం ఉంచి కెమెరాలోంచి చూడండి. లెన్స్ ప్రతిబింబం సరిగ్గా మధ్యలో కనిపించాలి. ఎఫ్ 8, ఐఎస్ఓ 100, రెండు సెకన్ల టైమర్, రా ఫైలు. దుమ్మును నోటితో ఊదకండి, బ్లోయర్ వాడండి. స్లైడులో రంగులు ఉన్నవి ఉన్నట్టే కనిపిస్తాయి. కలర్ నెగెటివ్‌కు నారింజ పూత ఉంటుంది కనుక రంగులు తిప్పడం కష్టం. బ్లాక్ అండ్ వైట్‌తో మొదలుపెట్టండి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబర్ 11 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేవి. పాత కవర్ల మీద అదే పేరు ఉంటుంది. అందుకే ఫైలు పేరులో ఊరు, మండలం కూడా రాయాలి. ముఖాల పేర్లకు ముందు అవ్వల దగ్గరికి వెళ్లండి, ఈ వేసవిలోనే.