నల్లమల

కృష్ణకు దక్షిణాన మొదలై పెన్న దాకా సాగే కొండల వరుసనూ, ఆ కొండల మీది అడవినీ కలిపి నల్లమల అంటారు. తూర్పు కనుమల్లో ఇదొక భాగం. కృష్ణ అవతలి గట్టున, తెలంగాణలో ఉన్న అమ్రాబాద్ పీఠభూమి దీనికి కొనసాగింపే. శ్రీశైలం, అహోబిలం, సలేశ్వరం, ఉమామహేశ్వరం ఈ అడవిలోని క్షేత్రాలు. విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం ఇక్కడే ఉంది. చెంచుల పుట్టినిల్లు కూడా ఇదే. నల్లమల ఎన్నడూ మనిషి అలికిడి లేని అడవి కాదు. ఎవరు, ఏ దారిన, ఏ వేళకు లోపలికి రావచ్చు అన్న తగవే దీని చరిత్రలో చాలా భాగం.

కొండలు, నీళ్లు

నల్లమల రాయి కడప శిలా సముదాయానికి చెందినది. అట్టలు అట్టలుగా విడిపోయే పలకరాయి, గట్టి క్వార్ట్‌జైటు ఇందులో ముఖ్యమైనవి. తూర్పు పాదాన ఉన్న మార్కాపురానికి బడి పలకల ఊరిగా పేరొచ్చింది ఈ రాయి వల్లే. కంభానికి వాయవ్యాన ఉన్న భైరానికొండ, గుండ్ల బ్రహ్మేశ్వరం శిఖరాలు 900 మీటర్లు దాటతాయి. గుండ్లకమ్మ ఈ కొండల్లోనే పుట్టి, విజయనగర కాలంలో కట్టిన కంభం చెరువును నింపి, తూర్పుకు పోయి సముద్రంలో కలుస్తుంది.

కొండలను దాటే దారులు తక్కువ. గిద్దలూరు నుంచి నంద్యాలకు నందికనుమ ఉంది. దోర్నాల నుంచి ఆత్మకూరుకు ఇంకో ఘాట్ రోడ్డు. గుంటూరు–గుంతకల్లు రైలు దిగువమెట్ట, చలమ, గాజులపల్లె స్టేషన్ల మీదుగా అడవిని చీల్చుకుని పోతుంది.

ఇది ఆకురాల్చే అడవి. నల్లమద్ది, టేకు, నారేపి, చండ్ర, తునికి, ఇప్ప, బిల్లు, వెదురు విస్తారంగా పెరుగుతాయి. దక్షిణపు కొసకు పోయేకొద్దీ ఎర్రచందనం కనిపిస్తుంది. వానలు వెలిశాక చూసినవాళ్లకు పచ్చగా, చిక్కగా కనిపించే చోటే ఏప్రిల్‌లో చూస్తే కొమ్మలు బోడిగా, నేలంతా ఎండుటాకు. అడవికి నిప్పంటుకునే కాలం ఫిబ్రవరి నుంచి మే వరకు. చుట్ట కాల్చి పారేసినా, ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు తగలబెట్టినా కొండంతా కాలిపోవచ్చు. అందుకే చలికాలం చివరికల్లా అటవీ సిబ్బంది ఆకు ఊడ్చి, గడ్డి చెక్కి మంటలు దాటకుండా అడ్డుపట్టీలు తీస్తారు. జంతువుల కోసం తవ్విన సాసర్ గుంతలను ట్యాంకర్లతో నింపేదీ ఆ నెలల్లోనే.

చెంచులు

చెంచులను ప్రభుత్వం ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన తెగల జాబితాలో చేర్చింది. వాళ్ల మాతృభాష తెలుగే. ఊరిని పెంట అంటారు. పాత పద్ధతిలో చుట్టుగుడిసెలు కట్టుకునేవారు. గడ్డలు తవ్వుకోవడం, తేనె తీయడం, విల్లంబులతో వేటాడడం, పండూ కాయా ఏరుకోవడం, ఇవే బతుకుతెరువు. వేటకూ తిండికీ దిక్కయిన దేవత గారెల మైసమ్మ.

ఆస్ట్రియాకు చెందిన మానవ శాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1940లో అమ్రాబాద్ పెంటల్లో ఉండి వీళ్లను అధ్యయనం చేశాడు. 1943లో అచ్చయిన ఆయన పుస్తకం చెంచుల మీద ఇప్పటికీ మొదటి ఆధారం. ఆయన సలహా మీదే నిజాం ప్రభుత్వం 1940లలో అమ్రాబాద్ అడవిలో కొంత భాగాన్ని చెంచులకు ప్రత్యేకించింది. అడవి మీద చెంచులకు హక్కుందని కాగితం మీద ఒప్పుకున్న తొలి సందర్భాల్లో ఇదొకటి. 2006 అటవీ హక్కుల చట్టం అదే ప్రశ్నను మళ్లీ ముందుకు తెచ్చింది.

తేనె తీసే పద్ధతి చూస్తే ఈ జీవితం ఎంత లెక్కగా సాగుతుందో తెలుస్తుంది. పెద్ద తేనెటీగలు మనిషికి అందని కొండచరియలకు పట్టు పెడతాయి. పైన చెట్టుకు తాడు కట్టి, దాని మీదుగా ఒకడు గాలిలోకి దిగుతాడు. పచ్చి ఆకు పొగతో ఈగలను తోలి, పట్టు కోసి బుట్టలో వేసుకుంటాడు. పైన తాడు దగ్గర కాపలా ఉండేది బావమరిది. సొంత అన్నదమ్ములను అక్కడ నిలబెట్టరు. తాడు తెగితే అక్కో చెల్లెలో ముండమోస్తుంది కాబట్టి బావమరిది కన్నా జాగ్రత్తగా ఉండేవాడు దొరకడని వాళ్ల లెక్క. పట్టులో పిల్లలున్న భాగాన్ని వదిలేసి తేనె ఉన్న భాగమే కోస్తే ఈగలు మళ్లీ అక్కడే పెడతాయి.

తపసి బంక కథ అంత సాఫీగా సాగలేదు. చెట్టుకు గాటు పెడితే కారే ఈ బంకకు బయటి మార్కెట్లో గిరాకీ ఉంది. గాటు లోతుగా పడినా, మరీ తరచుగా పడినా చెట్టు చచ్చిపోతుంది. ధర బాగా పలికిన ఏళ్లలో చాలా చెట్లు అలాగే పోయాయి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ బంక, తేనె, చిల్లగింజలు, కుంకుళ్లు కొంటుంది. చెట్టు చావకుండా బంక తీయడంలో శిక్షణా ఇస్తోంది.

దేవుళ్లతో చెంచులకు చుట్టరికం ఉంది. అహోబిల నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడు, కనుక ఆయన వాళ్ల ఇంటల్లుడు. శ్రీశైలం మల్లన్న చెంచు మల్లన్న. సంక్రాంతి తరువాత మొదలయ్యే అహోబిలం పారువేటలో ఉత్సవమూర్తి పల్లకిలో నెలన్నర పాటు చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతాడు. పెళ్లికి పిలవడానికే స్వామి వస్తాడని ఊళ్లవాళ్ల నమ్మకం.

నడిచి వచ్చేవారు

తెలుగునాట అతిపెద్ద అడవి నడక ఏ సాహస క్రీడల సంఘం నడిపించేదీ కాదు. శివరాత్రికీ ఉగాదికీ శ్రీశైలానికి సాగే కాలినడక అది. ఉగాదికి కర్ణాటక నుంచి లక్షల మంది వస్తారు. భ్రమరాంబ వాళ్ల ఆడపడుచు, ఆమెకు పసుపు కుంకుమలు, చీర తెస్తారు. ఆత్మకూరు దాటి వెంకటాపురం దగ్గర అడవిలో అడుగుపెట్టి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరే దారి ఇది. భీముని కొలను దగ్గర లోయలోకి దిగి మళ్లీ ఎక్కాలి. మోకాళ్లు అక్కడే మొరాయిస్తాయి. కొండవీటి రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలో శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. అంతకుముందే పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో ఒక ప్రకరణమంతా శ్రీశైల యాత్రకు కేటాయించాడు. 1677లో శివాజీ కూడా శ్రీశైలం వచ్చాడు.

సలేశ్వరం జాతర దీనికన్నా చిన్నది, కష్టం మాత్రం ఎక్కువ. అమ్రాబాద్ అడవిలో లోతైన లోయ అడుగున, జలపాతం పక్కన గుహలో లింగమయ్య ఉంటాడు. పూజారులు చెంచులే. చైత్ర పౌర్ణమికి కొద్ది రోజులు మాత్రమే దారి తెరుస్తారు. హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు మీద ఫరహాబాద్ గేటు నుంచి రాంపూర్ పెంట వైపు బండి పోతుంది. ఆ తరువాత రాళ్ల మీద కాలినడకే. ఒక మనిషి మాత్రమే పట్టే అంచుల మీద దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఎదురుపడతారు. దిగేటప్పుడు ‘వస్తున్నాం లింగమయ్యా’, తిరిగి ఎక్కేటప్పుడు ‘పోయొస్తాం లింగమయ్యా’ అని కేకలు. పులుల అడవి నడిమధ్యన, ఎండ ముదిరి నీళ్లు తగ్గిన వేళ ఇంతమంది రావడం అటవీ శాఖకు ఏటా పెద్ద పరీక్ష. ప్లాస్టిక్ సీసాలను గేటు దగ్గరే ఆపే ప్రయత్నం జరుగుతుంది. లోయలో మిగిలిపోయినవాటిని జాతరయ్యాక సంచులకెత్తి భుజాన మోసుకురావాల్సిందే, వేరే మార్గం లేదు.

పులులు

నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. 1983లో పులుల సంరక్షణ పథకంలో చేర్చినప్పుడు దాని విస్తీర్ణం 3,568 చదరపు కిలోమీటర్లు. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణ సరిహద్దయింది. ఉత్తరాన 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ తెలంగాణ కిందికి, దక్షిణాన 3,296 చదరపు కిలోమీటర్ల పాత పేరున్న భాగం ఆంధ్రప్రదేశ్ కిందికి వచ్చాయి. ఏటికి అటో శాఖ, ఇటో శాఖ అయ్యాయి.

చిరుత, ఎలుగుబంటి, రేచుకుక్క, దుమ్ములగొండి, కణితి, దుప్పి, కొండగొర్రె, మూషికజింక, అలుగు కూడా ఇక్కడివే. 19వ శతాబ్దం చివరి నుంచి కనిపించకుండా పోయిన అడవిదున్న 2024లో మళ్లీ కనిపించింది.

1980ల నుంచి దాదాపు 2005 వరకు ఈ అడవి పీపుల్స్‌వార్ నక్సలైటు దళాలకు పెట్టనికోట. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చలకు బయల్దేరిన నాయకులు బయటి ప్రపంచానికి కనిపించింది నల్లమల అంచున, చిన్న ఆరుట్ల దగ్గర. ఆ ఇరవై ఏళ్లూ లోపలి కొండల్లో గార్డు తిరగడమే గగనం. పులులెన్నో సరిగా తేల్చగలిగింది ఆ తరువాతే. అడవిలోపల బేస్ క్యాంపులు వెలిశాయి. వాటిలో కాపలాకు చెంచులనే పెట్టుకున్నారు. పాదముద్ర చూసి ఆడదో మగదో, నిన్నటిదో ఇవాళ్టిదో చెప్పగలవారు వాళ్లను మించి ఎవరున్నారు? ఇప్పుడు లెక్క కెమెరాలది. చారలు ఏ రెండు పులులకూ ఒకేలా ఉండవు కాబట్టి ఫొటో పడిన ప్రతి పులికీ ఒక నంబరు ఇస్తారు. 2018 నుంచి 2022కు ఆంధ్రప్రదేశ్ పులులు 48 నుంచి 63 అయ్యాయి. తెలంగాణలో 26 నుంచి 21కి తగ్గాయి.

పులులు పెరిగితే ఊరి పొలిమేరకూ వస్తాయి. 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురం పక్కన నాలుగు పులికూనలు దొరికాయి. కుక్కల పాలవకుండా ఊరివాళ్లు వాటిని ఒక గదిలో పెట్టి అటవీ శాఖకు కబురు చేశారు. తల్లి టీ-108 అని తేలింది. రాత్రిపూట కూనలను తీసుకెళ్లి అడవి అంచున ఉంచి చూశారు, తల్లి రాలేదు. చివరకు వాటిని తిరుపతి జంతు ప్రదర్శనశాలకు తరలించారు. ఊరివాళ్లు ఒక్క రాయి కూడా విసరలేదన్న సంగతి పత్రికల్లో పెద్దగా రాలేదు గాని, ఈ మొత్తం ఉదంతంలో గుర్తుంచుకోవాల్సింది అదే.

రోడ్డు, సొరంగం, యురేనియం

హైదరాబాద్–శ్రీశైలం రహదారి మన్ననూరు, వటవర్లపల్లి, దోమలపెంట మీదుగా అమ్రాబాద్ అభయారణ్యం మధ్యగా పోతుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు గేటు మూసేస్తారు. దోర్నాల–శ్రీశైలం ఘాట్‌లోనూ ఇదే పద్ధతి. తొమ్మిదింటికి ఐదు నిమిషాలు ఆలస్యంగా మన్ననూరు చేరినవాళ్లు గేటు దగ్గర పడే విసుగు మామూలే. రోడ్డు దాటే జంతువుకు దొరికేది మాత్రం ఆ తొమ్మిది గంటలే. ఈ రోడ్డు మీద ఎత్తైన వంతెన దారి కట్టాలన్న ప్రతిపాదన నడుస్తోంది.

అడవిపై ఉన్న ఆంక్షలు భూమి కింది పనినీ మార్చేశాయి. శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం దాదాపు 44 కిలోమీటర్లు. పైన పులుల అభయారణ్యం కావడంతో మధ్యలో ఎక్కడా బావులు దింపే వీల్లేదు, రెండు కొసల నుంచే తొలుచుకుంటూ రావాలి. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు కప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. మధ్యలో దారి లేని సొరంగంలోంచి వాళ్లలో ఎవరినీ ప్రాణాలతో బయటికి తేలేకపోయారు.

2019లో అమ్రాబాద్‌లో యురేనియం అన్వేషణకు కేంద్రం అనుమతివ్వబోతోందని తెలియగానే ‘సేవ్ నల్లమల’ ఉద్యమం లేచింది. పెంటల చెంచులు, మైదానపు రైతులు, హైదరాబాద్ యువకులు, సినిమావాళ్లు ఒక మాట మీదికి వచ్చిన అరుదైన సందర్భమది. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలను వ్యతిరేకిస్తూ ఏకగ్రీవంగా తీర్మానించింది.

తరలింపు

పులుల అభయారణ్యం నడిబొడ్డు నుంచి ఇష్టపడి బయటికి వచ్చే కుటుంబానికి కేంద్రం ఇచ్చే పరిహారం 2021లో 10 లక్షల నుంచి 15 లక్షలకు పెరిగింది. అమ్రాబాద్‌లో కొన్ని ఊళ్లు ఈ పథకం కిందికి వచ్చాయి. బడి, ఆసుపత్రి, కరెంటు కోసం వెళ్లాలనుకునేవారున్నారు. రోడ్డు పక్కన ఉండి, భూమి సాగుచేసే బయటివారికి ఈ బేరం కుదరొచ్చు. అప్పాపూర్ లాంటి లోపలి పెంటల చెంచులకు డబ్బు చేతికొస్తే ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. తేనె కొండ, గడ్డలు దొరికే వాగు, మైసమ్మ గద్దె బయట దొరకవు. ఇష్టపడి అన్న షరతుకు అర్థం ఉండాలంటే వద్దన్న పెంటకు కూడా బియ్యం, డాక్టరు, టీచరు అందాలి. అవి ఆపేసి అడిగే ఇష్టాన్ని ఇష్టమనలేం.

చూడదలచినవారికి

సొంతంగా లోపలికి పోవడం నేరం. అటవీ శాఖ సఫారీలు ఫరహాబాద్, తుమ్మలబైలు, బైర్లూటి నుంచి నడుస్తాయి. వానాకాలంలో, జులై నుంచి సెప్టెంబరు దాకా అమ్రాబాద్ సఫారీ మూసివేస్తారు. వటవర్లపల్లి దగ్గరి మల్లెలతీర్థం, కృష్ణ మీద పడవలో పోయి కొండెక్కితే వచ్చే అక్కమహాదేవి గుహలు, ఎగువ అహోబిలం నుంచి ఉగ్రస్తంభం ఎక్కుడు బాగా పేరున్న చోట్లు. ఇష్టకామేశ్వరికి అటవీ శాఖ అనుమతించిన జీపులోనే పోవాలి. పులి కనిపించే అవకాశం తక్కువేనని ముందే అనుకుని వెళ్లడం మేలు. ఫరహాబాద్‌లో నిజాం కాలపు వేట విడిది శిథిలాల దగ్గర నుంచుంటే కిందికి మైళ్ల కొద్దీ అడవి కనిపిస్తుంది. గైడుగా వచ్చే చెంచు కుర్రాణ్ని చెట్ల పేర్లు అడిగితే సఫారీ ఖర్చు గిట్టుబాటయినట్టే.