సుందరం మిషన్, గోపాలం బొటిక్

వంశీ తీసిన ‘లేడీస్ టైలర్’ 1986లో వచ్చింది. దాని రెండో భాగం, ఇప్పటికి చివరిదీ అయిన ‘ఫ్యాషన్ డిజైనర్ సన్నాఫ్ లేడీస్ టైలర్’ 2017 జూన్ 2న విడుదలైంది. మొదటిది గోదావరి హాస్యానికి మారుపేరుగా నిలిచింది, రెండోది నిలవలేదు. రాజేంద్రప్రసాద్ నటన, ఇళయరాజా బాణీలు లేకపోవడమే కారణమంటే అది సగం నిజం. మిగతా సగం ఆ ముప్పై ఒక్క ఏళ్లలో గోదావరి ఊళ్ల కుట్టుపని మారిన తీరులో ఉంది.

రాజమహేంద్రవరం తాడితోట హోల్‌సేల్ మార్కెట్ నుంచి బట్ట ఊరూరికీ చేరేది. చీర కొంటే కట్టుకోవచ్చు, జాకెట్టు మాత్రం మనిషి కొలతకు కుట్టాల్సిందే. ఆది జాకెట్టు చూసి గుడ్డ కత్తిరించాలి, కుట్టాక హుక్కులు వేయాలి, అంచులు హెమ్మింగ్ చేయాలి. పండగ ముందు టైలరు మాట తప్పితే కొత్త చీర పెట్టెలోనే ఉండిపోయేది. అందుకే మొదటి సినిమా హీరో, టైలరు సుందరం బద్ధకం అతని ఒక్కడి బద్ధకంగా మిగలదు. చేతిలో పనితనం ఉండీ మిషన్ తొక్కకపోతే అతని మీద ఆధారపడ్డ బట్టల సత్యం, శీను కూడా ఇబ్బంది పడాల్సిందే. అదృష్టం తెస్తుందని నమ్మిన పుట్టుమచ్చ ఉన్న అమ్మాయి కోసం వెతకడానికి కావలసిన చనువు కూడా అతనికి ఆ వృత్తి ఇచ్చిందే.

రెండో సినిమా హీరో, సుందరం కొడుకు గోపాలం నాటికి నైటీలు, చుడీదార్లు రెడీమేడ్‌గా వచ్చేశాయి, మగ్గం వర్క్ జాకెట్టుకు పట్నంలో బొటిక్‌లు వెలిశాయి. అతను కుట్టకపోయినా ఊరు ఆగదు. పుట్టుమచ్చ స్థానంలో ఆడవాళ్లను ఆకర్షిస్తుందనే మన్మథరేఖ వచ్చింది గానీ, ఆ కథను మోసే అవసరం ఊళ్లో లేదు. జాకెట్లు ఇప్పటికీ కుట్టించుకుంటున్నారు కదా అనవచ్చు. నిజమే, కానీ ఒక్క టైలరు మీదే ఆధారపడే రోజులు పోయాయి. ఆడవాళ్ల వెంటపడే కథే నేటి ప్రేక్షకులకు రుచించలేదన్న మాటా న్యాయమైనదే. అయితే అది నా వాదాన్ని బలపరుస్తుంది. ఇప్పుడు వీధివీధినా ఇంట్లో మిషన్ పెట్టుకుని కుట్టేది ఆడవాళ్లే. కొలతలు తీసే చేయి మారాక పాత చూపు ఎలా చెల్లుతుంది?

రాజమహేంద్రవరంలోనే వీరేశలింగం ‘వ్యవహార ధర్మబోధిని’ నాటకంలో తన కాలపు కోర్టు అక్రమాల్ని నవ్వుల పాలు చేశారు. హాస్యానికి ఆయువు ఆనాటి బతుకులోనే ఉంటుంది. హీరో కొడుకును తెచ్చినంత మాత్రాన అది వారసత్వంగా రాదు. మూడో భాగమంటూ వస్తే, ఆ కథ మిషన్ ముందు కూర్చున్న ఆడమనిషిదే కావాలి.