తెలుగునాట కోరిన పాటలు

తెలుగువారి సంగీతాభిరుచిని గురించి రాసినవారు సాధారణంగా ఏదో ఒక సంగీత రూపాన్ని ఎంచుకొని, దాని గురుపరంపరను, రచనలను, గాయకులను వరుసగా పేర్కొంటూ పోవడం వల్ల, శాస్త్రీయ సంగీతానికి ఒక చరిత్ర, రంగస్థల పద్యానికి ఒకటి, సినిమా పాటకు మరొకటి విడివిడిగా ఏర్పడ్డాయి. వినేవారి వైపు నుంచి చూస్తే ఈ గోడలు అంతగా కనిపించవు. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం పాట వినిపించే యంత్రం వీధికొకటో, ఊరికొకటో ఉండేది గనుక ఒకరికి నచ్చినదాన్ని పదిమందీ వినక తప్పేది కాదు; తెలుగు శ్రోతకు పలు రకాల సంగీతంతో ఏర్పడిన చనువుకు అతని ఉదార స్వభావం కంటె ఈ కొరతే ఎక్కువ కారణం.

గ్రామఫోను కంపెనీ 1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ గానాన్ని రికార్డు చేసిన తరువాత కొన్ని దశాబ్దాలలోనే తెలుగు ప్లేట్లు కూడా అంగళ్లకు చేరాయి. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ ప్లేటు ఒక్కో వైపున మూడు నిమిషాలకు కొద్దిగా మించి పట్టేది కాదు. అందువల్ల రాత్రంతా సాగే పౌరాణిక నాటకంలోంచి ఒకటి రెండు పద్యాలు, కచేరీలోంచి ఒక చిన్న కృతి, పల్లెపదాల్లోంచి ఒకటి విడివడి, అన్నీ ఒకే కొలతకు తగ్గి, ఒకే పెట్టెలో పక్కపక్కన చేరాయి. కరుణశ్రీ ఖండకావ్యం ‘పుష్పవిలాపం’ పద్యాలను ఘంటసాల పాడిన రికార్డు ఇందుకు మంచి ఉదాహరణ: సినిమా గాయకుని గొంతు, ఆధునిక కవి పద్యం, రాగాలాపనతో పద్యం చదివే పాత పద్ధతి అందులో కలిసిపోయాయి. ప్లేట్లు కొనగలిగినవారు కొద్దిమందే అయినా, పెళ్లిళ్లకూ శ్రీరామనవమి పందిళ్లకూ మైకు సెట్టు అద్దెకిచ్చేవారు వాటిని ఊరందరికీ వినిపించారు. మొదట దేవుడి పాట, ఆ తరువాత పద్యాలు, పొద్దెక్కాక సినిమా పాటలు అనే క్రమం శాస్త్రాల్లో రాసిపెట్టినది కాకపోయినా దాదాపు అంతటా పాటించబడింది.

రేడియో ఈ పంపకాన్ని ఊరు దాటించింది. 1938లో మద్రాసు కేంద్రం, 1948లో విజయవాడ కేంద్రం ప్రారంభమయ్యాయి. నిజాం రాజ్యంలో నడిచిన డెక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో చేరింది. విజయవాడ కేంద్రంలో బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటివారి చేతుల్లో రూపుదిద్దుకొన్న ‘భక్తిరంజని’ అన్నమయ్య సంకీర్తనను, రామదాసు కీర్తనను, నారాయణ తీర్థుల తరంగాన్ని, బైరాగులు పాడుకొనే తత్త్వాన్ని ఒకే ఉదయపు కార్యక్రమంలోకి తెచ్చింది. కచేరీ వేదిక మీద తత్త్వానికి స్థానం దొరకని కాలంలో ఈ కూర్పు చిన్న సాహసం కాదు. అయితే అది కేంద్రంలోని విద్వాంసులు ఎంచి పంచిన సంగీతం. శ్రోతకు వినే హక్కు తప్ప కోరే హక్కు అప్పటికి లేదు.

ఆ హక్కుకు దారి సముద్రం అవతలి నుంచి పడింది. 1952లో సమాచార, ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్ శాస్త్రీయ సంగీతాన్ని ప్రోత్సహించే పట్టుదలతో ఆకాశవాణిలో సినిమా పాటలకు కత్తెర వేయగా, నిర్మాతలతో వచ్చిన తగవు వల్ల కొంతకాలం అవి దాదాపు వినిపించకుండా పోయాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికుల కోసం నెలకొల్పిన శక్తిమంతమైన ట్రాన్స్‌మిటర్లు వారసత్వంగా దక్కిన రేడియో సిలోన్ ఈ ఖాళీని నింపింది. అదే ఏడాది డిసెంబరులో మొదలైన అమీన్ సయానీ కార్యక్రమం ‘బినాకా గీత్‌మాలా’ హిందీ రాని తెలుగు ఇళ్లలో కూడా హిందీ పాటను ఇంటి పాట చేసింది. ఆ కేంద్రం నుంచే తెలుగు పాటలు వినిపించిన మీనాక్షి పొన్నుదురై గొంతును ఆనాటి శ్రోతలు నేటికీ తలుచుకొంటారు. మంత్రిగారి కత్తెర శాస్త్రీయ సంగీతానికి కొత్త శ్రోతలను ఎందరిని తెచ్చిందో గాని, పొరుగు దేశపు స్టేషనుకు మాత్రం లెక్కలేనంతమందిని సంపాదించి పెట్టింది.

1957 అక్టోబరు 3న ప్రారంభమైన వివిధ భారతి ఈ పోటీకి ఆకాశవాణి ఇచ్చిన సమాధానం. సైనికుల కోసం నడిచిన ‘జయమాల’, తెలుగులో శ్రోతలు కోరిన సినిమా పాటలు వేసిన ‘జనరంజని’ వల్ల ఉత్తరం రాయగల ప్రతివాడూ పాటను ఎంచగలవాడయ్యాడు. ఒక పోస్టుకార్డుపై పైన సినిమా పేరు, దాని కింద పాట మొదటి మాటలు, గాయనీగాయకుల పేర్లు, మిగిలిన జాగాలో కోరినవారి పేర్లు ఉండేవి. ఆ చివరి భాగంలో ఇంటిల్లిపాదినీ, స్నేహితులనూ, ఉయ్యాలలోని పసిబిడ్డనూ ఇరికించి రాసేవారు. ఆ పేర్లన్నీ ఊరి పేరుతో సహా అనౌన్సరు చదివి వినిపించడం పాటకు ముందుమాటగా స్థిరపడింది. నేటి జార్ఖండులోని అభ్రకం గనుల పట్టణం ఝుమ్రీ తలైయా దేశమంతటికీ పరిచయమైంది ఇలాంటి కార్డుల వల్లనే. సినిమావారు స్వయంగా వచ్చి తమకు నచ్చిన పాటలను కారణాలతో వినిపించిన ‘ప్రత్యేక జనరంజని’ మరో మెట్టు. సంగీత దర్శకుడు తన పాటను పక్కనబెట్టి మరొకరి పాటను మెచ్చుకోవడం శ్రోతలు విన్నది అక్కడే.

రేడియోలో కోరిన పాట ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియదు. ఫిలిప్స్ సంస్థ 1963లో ప్రవేశపెట్టిన క్యాసెట్టు, 1970ల చివరి నుంచి గల్ఫ్ దేశాలకు వలస వెళ్లినవారు తెచ్చిన టూ-ఇన్-వన్‌లతో (రేడియో, క్యాసెట్టు రెండూ ఉన్న పెట్టెలతో) పాటు తెలుగు పల్లెలకు చేరి, ఈ నిరీక్షణను తీర్చింది. అప్పుడు పుట్టిన వృత్తే పాటలు ‘ఎక్కించే’ రికార్డింగ్ షాపు. కొనుగోలుదారు ఒక తెల్లకాగితం మీద పాటల జాబితా రాసి, ఖాళీ క్యాసెట్టుతో సహా ఇచ్చి వెళ్లేవాడు. అరవై నిమిషాల క్యాసెట్టుకు ఒక వైపు అరగంట గనుక ఏడెనిమిది సినిమా పాటలు పట్టేవి. తొంభై నిమిషాల దానిలో ఎక్కువ పాటలు పట్టినా టేపు పలుచనై చిక్కుపడుతుందని అనుభవజ్ఞులు అరవైనే కోరేవారు. చివరి పాట మధ్యలో తెగకుండా నిడివి లెక్కగట్టి జాబితా క్రమాన్ని మార్చడం షాపువాని పనితనం. అడిగిన పాట దొరకనప్పుడు దానికి దగ్గరి పాటను చేర్చడం అతని చొరవ. అయ్యప్ప పాటలు, జేసుదాసు శాస్త్రీయ కృతులు, ఇళయరాజా పాటలు, హైదరాబాదులోనైతే ఖవ్వాలీలు, గజళ్లు ఒకే క్యాసెట్టులో కలిసింది ఇటువంటి చేతుల మీదుగానే. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ఇది అనుమతి లేని నకలు. 1984 సవరణ శిక్షలను పెంచినా, వీధి చివరి షాపును అది పెద్దగా కదిలించలేదు.

ఈ వ్యాపారాన్ని దెబ్బతీసింది చట్టం కాదు, చోటు. 2000 ప్రాంతంలో వచ్చిన ఎంపీ3 సీడీలో వందకు పైగా పాటలు పట్టడంతో పద్నాలుగు పాటలను ఏరుకోవలసిన పని పోయింది. ఆ తరువాత సెల్‌ఫోను దుకాణాలు మెమరీ కార్డుల్లో పాటలు నింపి ఇచ్చే రోజుల్లో, భక్తి పాటలు, జానపదాలు, పాత పాటలు, కొత్త సినిమాలు అంటూ ముందే కట్టిన మూటలను కంప్యూటరు నుంచి దించేవారు. కొనుగోలుదారుడు ఏ మూటలు కావాలో చెబితే సరిపోయేది, ఏ పాట తరువాత ఏ పాట రావాలో ఇద్దరిలో ఎవరూ ఆలోచించవలసిన అవసరం ఉండేది కాదు. 2016 తరువాత ఇంటర్నెట్ డేటా చౌక కావడంతో ఆ దుకాణాలలో చాలావరకు రీఛార్జులకూ, ఫోను అద్దాల మరమ్మతులకూ మళ్లాయి.