పసుపు కొమ్ముల్లాంటి కండెన్సర్లు

స్థానం నరసింహారావు 1902లో బాపట్లలో పుట్టారు. తెనాలి రామవిలాస సభ నాటకాల్లో ఆయన సత్యభామగా పాడిన తొలి రోజుల్లో మైకు లేదు, గొంతే ఆఖరి వరస దాకా చేరాలి. ఆ తరం గొంతుల్ని నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డులు దాచిపెట్టాయి. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది. నాటకాల పందిళ్లకు గొట్టం మైకులొచ్చాయి. ఇక తెనాలిలోనైనా రేపల్లెలోనైనా పద్యం జనం చెవిన పడాలంటే నటుడి గొంతుకు తోడు ఒక వాల్వుల పెట్టె, అంటే యాంప్లిఫయరు, కావాల్సివచ్చింది.

పెట్టె ప్రాణమంతా వాల్వుల్లోనే ఉందనుకుంటాం, అవి వెలుగుతూ కనబడతాయి కాబట్టి. పాట పాడయ్యేది మాత్రం చాలాసార్లు అడుగు రేకు కింద, కండెన్సర్ల దగ్గర. పుస్తకాలు కెపాసిటర్ అంటాయి. రిపేరు బల్ల మీద అది ఇప్పటికీ కండెన్సరే.

రెండు లోహపు రేకులు, మధ్యన కరెంటును ఆపే పొర. కండెన్సరంటే ఇంతే. పాత సెట్లలో ఆ పొర మైనం పట్టించిన కాగితం. కాగితానికి చెమ్మ పడదు, మన తీరంలో చెమ్మకు కొదవ లేదు. సూర్యలంక ఉప్పుగాలి ఏడాది పొడవునా వీస్తూనే ఉంటుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమతో పాటు రేపల్లె, బాపట్ల వైపు పల్లెల్నీ దెబ్బతీసింది. చెమ్మెక్కిన కాగితం కరెంటును కొద్దికొద్దిగా జారనిస్తుంది. ఆ జారిన కరెంటు ఔట్‌పుట్ వాల్వు గ్రిడ్డుకు చేరితే వాల్వు లోపలి రేకు ఎర్రగా కాలుతుంది, ఆ వెంటే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు మాడుతుంది. వేలెడంత మైనపు గొట్టం వల్ల, వెతికినా దొరకని ట్రాన్స్‌ఫార్మరు పోతుంది. అందుకే కాగితం కండెన్సరును నమ్మవద్దని నా గట్టి మాట.

పాతవన్నీ పారేయమని కాదు. 1960లలో ఫిలిప్స్ వాళ్ల సెట్లలో పచ్చటి కండెన్సర్లుండేవి. దుగ్గిరాల యార్డులోని పసుపు కొమ్ములే గుర్తొస్తాయి వాటిని చూస్తే. లోపల ఉన్నది పాలియెస్టర్ పొర, అది చెమ్మకు లొంగదు. వాటిలో చాలావరకు ఈనాటికీ గట్టిగా పనిచేస్తాయి. అదే కుదురులో రంగు చారలవి ఇంకో రకం. కాళ్లకు దూరంగా ఉన్న కొస నుంచి చదవాలి: పసుపు 4, ఊదా 7, నారింజ అంటే మూడు సున్నాలు. 47,000 పికోఫారడ్లు, అంటే 0.047 మైక్రోఫారడ్. నాలుగో చార తెలుపైతే పదిశాతం తేడా. అయిదోది ఎరుపైతే 250 వోల్టులు, పసుపైతే 400. ఒకే రంగు పక్కపక్కన రెండుసార్లు వస్తే ఒకే వెడల్పు చారగా కలిసిపోతుంది. అక్కడే లెక్క తప్పుతుంది, నిదానంగా చూడాలి.

అంకెలతోనూ చిక్కే. పాత ఇంగ్లండు సరుకు మీద ‘ఎం.ఎఫ్.’ అని ఉంటే మైక్రోఫారడ్ అనే అర్థం, మిల్లీఫారడ్ కాదు. మైక్రో గుర్తు రెండుసార్లు ఉంటే పికోఫారడ్. తర్వాతి కాలపు 104 అంటే 10 పక్కన నాలుగు సున్నాలు, పికోఫారడ్లలో.

ఇక అల్యూమినియం డబ్బా రకం. దాని మీద 16+16, 450 వోల్టులని ఉంటే ఒకే డబ్బాలో రెండు కండెన్సర్లున్నట్టు. అందులోని రసాయనం ఎండితే పద్యం వెనక గుయ్యిమని హోరు వస్తుంది. మన కరెంటు 50 సైకిళ్లది; ఆ హోరు సాధారణంగా దానికి రెట్టింపు, 100. ఏళ్ల తరబడి మూలపడ్డ సెట్టును నేరుగా ప్లగ్గులో పెట్టకండి, వోల్టేజీ మెల్లమెల్లగా పెంచాలి. ఉబ్బిన డబ్బా ఇక పనికిరాదు. ప్లగ్గు తీశాక కూడా లోపల ఛార్జి ప్రాణం తీసేటంత మిగిలి ఉండవచ్చు. రెసిస్టరు ద్వారా దాన్ని దింపి, మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. విప్పి తీసిన కండెన్సరును మామూలు మల్టీమీటరు బాగుందని చూపిస్తే సరిపోదు. అది పనిచేసే వోల్టేజీ దగ్గరే లీకేజీ చూడాలి.

చచ్చిన కాగితపు కండెన్సరు పై తొడుగును మాత్రం దాచండి. లోపలిది తీసేసి, కొత్తది చిన్నది అందులో అమర్చి మైనంతో మూయవచ్చు. సెట్టు అడుగు ఆనాటి రూపులోనే ఉంటుంది.

మీ ఇంట్లోనో మీ ఊరి నాటక సమాజం గదిలోనో అలాంటి పెట్టె ఉంటే పాత సామాన్లకు వేయకండి. పనెరిగినవారి చేత అడుగు రేకు విప్పించి ఫొటో తీయండి, ఒక్కో కండెన్సరు మీది అంకెలూ రంగులూ కాగితం మీద రాసి ఆ పెట్టెలోనే ఉంచండి.