లెక్క చెప్పనివాని బావమరిది

ఎన్నికలు దగ్గరపడినప్పుడల్లా మన పత్రికలలో ఉత్తరమేరూరు శాసనం ప్రస్తావన ఒకమారు వచ్చి పోతుంటుంది. వెయ్యేళ్ళ క్రితమే మనకు ప్రజాస్వామ్యం ఉండేదని చాటుకోవడానికి దానిని వాడుకుంటారు గాని, అభ్యర్థిని గురించి అందులో ఏమున్నదో ఓపికగా చెప్పేవారు తక్కువ. నాకు ఆ భాగమే ముఖ్యమనిపిస్తుంది.

కాంచీపురానికి చేరువలోని ఉత్తరమేరూరులో, వైకుంఠ పెరుమాళ్ ఆలయం గోడలమీద మొదటి పరాంతక చోళుని నాటి శాసనాలు రెండున్నాయి. ఒకటి క్రీ.శ. 919 నాటిది, మరొకటి దానిని సవరిస్తూ 921లో వేసినది. ఊరిని 30 వాడలుగా విభజించి, అర్హుల పేర్లు తాటాకు ముక్కలపై వ్రాసి, కుండలో వేసి, ఏమీ తెలియని పసివానిచేత తీయించేవారు. తీసిన ఆకును అయిదు వ్రేళ్ళూ చాచిన అరచేతిలోనే అందుకోవాలట! (హస్తలాఘవం ఆనాడూ ఉండేదన్నమాట.)

అభ్యర్థికి పావు వేలికి మించి పన్ను కట్టే భూమి ఉండాలి, సొంత స్థలంలో ఇల్లుండాలి, 35 ఏళ్ళు నిండి 70 దాటకూడదు, వేదం చదివి ఉండాలి. ఇవి చూసి మురిసిపోనక్కరలేదు. అది బ్రాహ్మణ అగ్రహారపు సభ. స్త్రీలకు గాని, భూమి లేనివారికి గాని, ఆ పొలాలు దున్నిన ఇతర కులాలవారికి గాని అందులో చోటు లేదు. ఆ అర్హతలు కాలంతోపాటు పోయాయి, పోవడమే మేలు.

అనర్హతల సంగతి వేరు. గత మూడేళ్ళలో ఏదైనా సంఘంలో పనిచేసినవాడు మళ్ళీ రాకూడదు. పరధనం అపహరించినవాడు రాకూడదు. అన్నిటికంటె గట్టిది, పూర్వం సంఘంలో ఉండి లెక్కలు అప్పజెప్పనివాడు రాకూడదు. వాడే కాదు, వాడి తండ్రి, కొడుకు, అన్నదమ్ములు, మేనమామ, మేనత్త కొడుకు, పినతల్లి కొడుకు, మామగారు, అల్లుడు, మేనల్లుడు, బావమరిది కూడా రాకూడదు! ఈ వరుసలన్నీ ఒక్కొక్కటిగా రాతిమీద చెక్కించారంటే, బినామీల బాధ ఆ ఊరివారు ఎంతగా పడ్డారో ఊహించవచ్చు.

1948 నవంబరు 22న రాజ్యాంగ సభలో గ్రామ పంచాయతీల చర్చ జరిగినప్పుడు మన టంగుటూరి ప్రకాశం పంతులుగారు ఈ తాటాకు చీట్ల పద్ధతినే గుర్తుచేశారు. మరుసటి సంవత్సరం నవంబరు 26న, సభాధ్యక్షుడు బాబూ రాజేంద్రప్రసాద్ ఒక విచారం వెలిబుచ్చారు. చట్టాన్ని అమలుచేసేవారికి పెద్ద అర్హతలు కోరుతూ, చట్టం చేసేవారికి ఎన్నిక కావడం తప్ప వేరే అర్హత అక్కరలేదనడం పొసగదన్నారు. ఆయన బాధ అర్థమవుతుంది గాని, నేను ఏకీభవించలేను. 1951 జనగణన నాటికి దేశంలో అక్షరాస్యులు నూటికి 18 మందే. చదువును అర్హతగా పెడితే అగ్రహారమే తిరిగి వచ్చేది. పైగా చీటీ తీసేచోట జల్లెడ ముందే పట్టాలి, పసివాడు మంచిచెడ్డలు ఎంచలేడు గనుక. ఓటు వేసేచోట జల్లెడ ఓటరు చేతిలోనే ఉంటుంది. అతనికి కావలసింది సమాచారం.

ఆ సమాచారం సులువుగా రాలేదు. అభ్యర్థుల నేరచరిత్ర, ఆస్తులు, అప్పులు, చదువు వెల్లడి కావాలని సుప్రీంకోర్టు 2002 మే 2న చెప్పింది. న్యాయస్థానం ఏమన్నా సరే చట్టంలో ఉన్నంతకు మించి చెప్పనక్కరలేదని ఆ ఏడే ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, పార్లమెంటు దానిని చట్టం చేసింది. ఆ నిబంధనను 2003 మార్చి 13న కోర్టు కొట్టివేసింది. ఈనాటి అఫిడవిట్లు అలా పుట్టినవే.

శాసనసభకైనా లోక్‌సభకైనా మళ్ళీ నిలబడే పాత సభ్యుని రెండు అఫిడవిట్లను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. ఆస్తి ఎంత పెరిగిందో తెలుస్తుంది. ఆదాయ మార్గాలు కూడా చెప్పాలని 2018 ఫిబ్రవరిలో మరో తీర్పు వచ్చింది. అయితే ఉత్తరమేరూరు అడిగిన లెక్క సొంత ఆస్తిది కాదు, చేసిన పదవిది. చేతిలో ఉన్న అధికారంతో, ఖర్చుపెట్టిన ప్రజాధనంతో ఏం చేశాడో చెప్పమని అభ్యర్థిని ఏ కాగితమూ అడగదు. ఇంటికి వచ్చినప్పుడు మనమే అడగాలి. అఫిడవిట్టులో భార్యాభర్తల, ఆశ్రితుల ఆస్తులకు గడులున్నాయి. బావమరిదికి ఇంకా లేదు.